కోవిడ్-19 విషమ రోగులకు ఇంటెన్సివ్ కేర్‌లో ఫిజియోథెరపీ

కోవిడ్-19 సోకి పరిస్థితి విషమించిన రోగులకు ఇంటెన్సివ్ కేర్ విభాగంలో శ్వాస తీసుకోవడాన్ని సులభతరం చేయడానికీ, కండరాల బలాన్నీ కీళ్ళ కదలికనూ కాపాడడానికీ, క్రమక్రమంగా కూర్చోబెట్టి, నిలబెట్టి, నడిపించడానికీ ఫిజియోథెరపీ చేస్తారు. ఫిజియోథెరపీని తెలుగులో భౌతిక చికిత్స అనీ, వ్యాయామ చికిత్స అనీ కూడా వ్యవహరిస్తారు. ఈ చికిత్స వైరస్‌ను నిర్మూలించదు. ప్రాణం కాపాడేందుకు వాడే వెంటిలేటర్, మత్తుమందులు, స్టెరాయిడ్లు, రోజుల తరబడి పడక విశ్రాంతి రోగి శరీరం నుండి కొంత బలాన్ని తీసుకుంటాయి. ఆ నష్టాన్ని వీలైనంత తగ్గించి, బ్రతికి బయటపడిన వ్యక్తి మళ్ళీ తన పనులు తాను చేసుకోగలిగేలా చేయడం ఈ చికిత్స యొక్క ముఖ్యోద్దేశం.

నేపథ్యం

కోవిడ్-19 వ్యాధి 2019 డిసెంబరులో చైనాలోని వుహాన్ నగరంలో మొదట గుర్తించబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని 2020 మార్చి 11న ప్రపంచవ్యాప్త మహమ్మారిగా వర్ణించింది. 2020 జనవరి 30న ప్రకటించిన అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర స్థితి 2023 మే 5న ముగిసింది.

వ్యాధి సోకినవారిలో అధికభాగం ఆసుపత్రిలో చేరనవసరం లేకుండానే కోలుకున్నారు. కొందరిలో మాత్రం ఊపిరితిత్తులలోని వాయుకోశాలు తాపానికి లోనై, ద్రవంతో నిండి, రక్తానికి తగినంత ప్రాణవాయువును అందించలేకపోయాయి. దీనిని తీవ్ర శ్వాస వైఫల్య లక్షణ సముదాయం అంటారు. ఇటువంటి రోగులకు ముక్కు ద్వారా అధిక ప్రవాహంతో ప్రాణవాయువును గాని, మాస్కు ద్వారా పీడనంతో కూడిన గాలిని గాని ఇస్తారు. అవి చాలనప్పుడు శ్వాసనాళంలోనికి గొట్టం వేసి, వెంటిలేటర్ అనే యంత్రంతో కృత్రిమ శ్వాస కల్పిస్తారు. కోవిడ్-19 రోగులలో ఈ దశ తరచు రెండు, మూడు వారాలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువకాలం కొనసాగింది. ఫిజియోథెరపీ అవసరం ఇంతగా పెరగడానికి ఈ సుదీర్ఘకాలమే ప్రధాన కారణం.

చరిత్ర

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో మహమ్మారి వ్యాపించినప్పుడు, బ్లెగ్డామ్ ఆసుపత్రిలో బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు శ్వాస కండరాలు చచ్చుబడిన రోగుల గొంతులో గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ గాలిని పంపే పద్ధతిని ప్రవేశపెట్టాడు. సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా ఆ సంచులను నొక్కి రోగుల ప్రాణాలు నిలిపారు. ఇంటెన్సివ్ కేర్ విభాగాల ఆవిర్భావానికి ఈ సంఘటనను నాందిగా పరిగణిస్తారు.

పడక విశ్రాంతి మేలుచేస్తుందన్న నమ్మకం వైద్యంలో చాలాకాలం బలంగా ఉండేది. 1947లో బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసిన వ్యాసంలో, మంచాన పడి ఉండడం వలన కలిగే హానిని అవయవం తరువాత అవయవంగా వివరించాడు. అయినప్పటికీ వెంటిలేటర్‌పై ఉన్నవారిని గాఢమైన మత్తులో, కదలకుండా ఉంచడమే 20వ శతాబ్దం చివరివరకు సాధారణ పద్ధతిగా కొనసాగింది. 2007లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ వైద్యులు, శ్వాస వైఫల్యం కలిగిన 103 మంది రోగులను మొత్తం 1449 పర్యాయాలు కూర్చోబెట్టడం గాని, నడిపించడం గాని చేయగా, అవాంఛనీయ సంఘటనలు ఒక శాతంకంటె తక్కువగా ఉన్నాయని ప్రకటించారు. వెంటిలేటర్ గొట్టం ఉండగానే రోగి నడవవచ్చుననే విషయం దీనితో వైద్యలోకం దృష్టికి వచ్చింది.

కోవిడ్-19 వ్యాపించిన తొలి నెలలలోనే, 2020 మార్చి చివరలో, ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ థామస్, మరికొన్ని దేశాల నిపుణులు కలిసి, ఆసుపత్రులలో ఈ రోగులకు ఫిజియోథెరపీ ఏవిధంగా చేయాలో తెలిపే మార్గదర్శకాలను జర్నల్ ఆఫ్ ఫిజియోథెరపీలో ప్రచురించారు. 2022లో వీటిని సవరించి మరల వెలువరించారు.

కండరాల క్షీణతకు కారణాలు

వాడని కండరం త్వరగా సన్నబడుతుంది. విషమ రోగులలో ఈ క్షీణత మరింత వేగంగా జరుగుతుంది. శరీరమంతటా వ్యాపించిన తాపం వలన కండరాలలోని మాంసకృత్తులు విచ్ఛిన్నమవుతాయి. కొత్తవి తయారుకావడం మందగిస్తుంది. 2013లో లండన్‌లో 63 మంది విషమ రోగులపై జరిపిన పరిశీలనలో, తొడ ముందుభాగపు కండరం యొక్క అడ్డుకోత వైశాల్యం పది రోజులలో సగటున 17.7 శాతం తగ్గినట్లు తేలింది. ఆ పరిశోధన కోవిడ్-19కు ముందటిది.

కోవిడ్-19 రోగులలో ఈ క్రింది కారణాలు ఒకేసారి కలిసివచ్చేవి:

• గాఢమైన మత్తు: యంత్రపు శ్వాసకు రోగి ఎదురు శ్వాసించకుండా మత్తుమందులు ఎక్కువ మోతాదులో ఇవ్వవలసి వచ్చేది.
• కండరాలను సడలించే మందులు: ఇవి ఇచ్చినంతసేపు రోగి స్వయంగా వ్రేలు కూడా కదపలేడు.
• స్టెరాయిడ్లు: 2020 జూన్‌లో బ్రిటన్‌కు చెందిన రికవరీ పరిశోధన, వెంటిలేటర్‌పై ఉన్నవారిలో డెక్సామెథసోన్ మరణాలను సుమారు మూడవ వంతు తగ్గిస్తుందని వెల్లడించింది. ప్రాణరక్షకమైన ఈ తరగతి మందులకు కండరాలను బలహీనపరచే గుణం కూడా ఉంది.
• దీర్ఘకాలం బోర్లా పడుకోబెట్టడం.
• పోషకాహార లోపం, మధుమేహం, అంతకుముందే ఉన్న బలహీనత.

ఇంటెన్సివ్ కేర్‌లో కలిగే బలహీనత కండరాలకే పరిమితం కాదు. నరాలు కూడా దెబ్బతినవచ్చు. శ్వాసక్రియకు ముఖ్యమైన ఉదరవితానం, అనగా రొమ్మునూ పొట్టనూ వేరుచేసే కండరం, వెంటిలేటర్ తన పనిని తీసుకోవడం వలన కొద్ది రోజులలోనే బలహీనపడుతుంది. ఊపిరితిత్తులు బాగుపడిన తరువాత కూడా కొందరిని వెంటిలేటర్ నుండి విడదీయలేకపోవడానికి ఇది ఒక కారణం.

రోగిని అంచనా వేయడం

చికిత్సకు పూనుకొనే ముందు ఫిజియోథెరపిస్టు రోగి యొక్క మెలకువను, శ్వాసను, గుండె స్థితిని, కండరాల బలాన్ని పరిశీలిస్తాడు. మెలకువను కొలవడానికి రిచ్‌మండ్ మాపకాన్ని వాడతారు. ఇందులో 0 అనగా ప్రశాంతమైన మెలకువ, +4 అనగా తీవ్రమైన ఉద్రేకం, -5 అనగా ఎట్టి ప్రేరణకూ స్పందించని స్థితి.

రోగి మాట విని అనుసరించగల స్థితికి వచ్చిన తరువాత కండరాల బలాన్ని చేతితో పరీక్షిస్తారు. భుజం, మోచేయి, మణికట్టు, తుంటి, మోకాలు, చీలమండ వద్ద ఒక్కొక్క కదలికను రెండు ప్రక్కలా పరీక్షించి, ప్రతిదానికి 0 నుండి 5 వరకు గుణాంకం ఇస్తారు. 0 అనగా కండరంలో ఎట్టి చలనమూ లేకపోవడం. 5 అనగా సహజమైన బలం. 12 కండర సమూహాలకు కలిపి గరిష్ఠం 60. మొత్తం 48 కంటె తక్కువైతే ఇంటెన్సివ్ కేర్ బలహీనతగా పరిగణిస్తారు. రోగి ఎంతవరకు కదలగలిగాడో నమోదు చేయడానికి 0 నుండి 10 వరకు ఉండే మరొక మాపకం ఉంది. దానిలో 0 అనగా స్వయంగా ఏ కదలికా లేక మంచంపై ఉండడం, 10 అనగా ఊతం లేకుండా నడవడం.

శ్వాసకోశ చికిత్స

వీపుపై తట్టడం, ప్రకంపనలు కలిగించడం, రోగిని వాలుగా పడుకోబెట్టి కఫాన్ని దింపడం మొదలైన పద్ధతులు ఊపిరితిత్తుల ఫిజియోథెరపీలో చాలాకాలంగా ఉన్నవే. కోవిడ్-19లో తరచుగా వచ్చేది పొడి దగ్గు. కఫం తక్కువగా ఉన్న రోగికి ఈ పద్ధతుల వలన ప్రయోజనం ఉండదు. అలసట, ప్రాణవాయువు తగ్గుదల సంభవించవచ్చు. అందువలన ప్రతి రోగికీ వీటిని చేయరాదని, కఫం చేరి తనంతట తాను తీసివేసుకోలేని రోగులకు మాత్రమే చేయాలని 2020 నాటి మార్గదర్శకాలు సూచించాయి.

వెంటిలేటర్‌పై ఉన్న రోగికి గొట్టాన్ని యంత్రం నుండి విడదీస్తే రెండు నష్టాలు కలుగుతాయి. వాయుకోశాలను తెరచి ఉంచే పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. వైరస్ కలిగిన తుంపరలు గాలిలో కలుస్తాయి. అందువలన గొట్టం ఊడదీయకుండానే కఫాన్ని లాగే మూసిన సక్షన్ పద్ధతిని వాడతారు.

బోర్లా పడుకోబెట్టడం

వెల్లకిలా పడుకున్నప్పుడు గుండె, పొట్టలోని అవయవాల బరువు ఊపిరితిత్తుల వెనుకభాగంపై పడి, అక్కడి వాయుకోశాలు మూసుకుపోతాయి. బోర్లా పడుకోబెడితే ఆ భాగం తెరచుకొని, గాలి సమంగా సర్దుకొంటుంది. ఫ్రాన్సు, స్పెయిన్ దేశాలలో 466 మంది తీవ్ర శ్వాస వైఫల్య రోగులపై జరిపి 2013లో ప్రచురించిన ప్రొసెవా పరిశోధనలో, ప్రతిసారీ కనీసం 16 గంటలు బోర్లా ఉంచినవారిలో 28 రోజులలోపు మరణాలు 16 శాతం కాగా, వెల్లకిలా ఉంచినవారిలో 32.8 శాతం. ఈ ఫలితాల ఆధారంగా కోవిడ్-19లో ఈ పద్ధతిని విస్తృతంగా వాడారు.

గొట్టాలు, సూదులు అమర్చిన రోగిని త్రిప్పడానికి పలువురు సిబ్బంది ఒక్కటిగా పనిచేయాలి. తలవద్ద ఉన్న వ్యక్తి శ్వాసగొట్టాన్ని పట్టుకొని ఆజ్ఞ ఇస్తే, మిగిలినవారు త్రిప్పుతారు. అనేక ఆసుపత్రులలో ఫిజియోథెరపిస్టులు ఈ బృందాలలో పాల్గొన్నారు. బోర్లా ఉన్నంతసేపు వారు గమనించవలసినవి:

• ముఖం, రొమ్ము, మోకాళ్ళపై ఒత్తిడి పుండ్లు రాకుండా మెత్తలు అమర్చడం.
• ఈత కొడుతున్న భంగిమలో ఒక చేతిని పైకి, రెండవదానిని క్రిందికి ఉంచి, 2 నుండి 4 గంటలకొకసారి తలతోపాటు చేతులను మార్చడం.
• భుజాన్ని అతిగా సాగదీయకుండడం. మెడ నుండి చేతికి వచ్చే నరాల అల్లిక నలిగినా, సాగినా, చేయి చచ్చుబడవచ్చు.
• కళ్ళపై ఒత్తిడి లేకుండా చూడడం.

వెంటిలేటర్ అవసరం రాని, మెలకువగా ఉన్న రోగులను కూడా బోర్లా పడుకొమ్మని ప్రోత్సహించారు. ఆరు దేశాలలో 1100 మందికి పైగా రోగులపై జరిపి 2021లో ప్రచురించిన పరిశోధనలో, 28 రోజులలోపు గొట్టం వేయవలసి రావడం లేదా మరణం బోర్లా పడుకున్నవారిలో 40 శాతం, సాధారణ చికిత్స పొందినవారిలో 46 శాతం ఉన్నట్లు తేలింది.

మత్తులో ఉన్న రోగికి చికిత్స

స్పృహలేని రోగి స్వయంగా వ్యాయామం చేయలేడు. ఈ దశలో ఫిజియోథెరపిస్టు రోగి కీళ్ళను తన చేతులతో నెమ్మదిగా పూర్తి పరిధి వరకు కదిలిస్తాడు. పాదం క్రిందికి వ్రేలాడి చీలమండ బిగుసుకోకుండా ఆధారబంధాలను అమర్చుతాడు. వీలైనంతవరకు మంచం తలవైపు భాగాన్ని ఎత్తి ఉంచుతారు. పడకపైనే అమర్చే సైకిలు, కండరాలకు స్వల్ప విద్యుత్ ప్రేరణ మొదలైనవి కూడా వాడుకలో ఉన్నాయి గాని, వాటివలన కలిగే ప్రయోజనం నిర్ద్వంద్వంగా నిరూపించబడలేదు.

కూర్చోబెట్టడం నుండి నడిపించడం వరకు

మత్తు తగ్గిన తరువాత చికిత్స మెట్లుమెట్లుగా సాగుతుంది.

1. మంచంపై ఉండగానే చేతులు, కాళ్ళు స్వయంగా కదిలించడం, ప్రక్కకు దొర్లడం.
2. మంచం అంచున కాళ్ళు క్రిందికి వేసి కూర్చోవడం. నిటారుగా కూర్చున్నప్పుడు ఉదరవితానానికి చోటు దొరికి శ్వాస మెరుగుపడుతుంది; మెడ, నడుము కండరాలకు పని కలుగుతుంది.
3. మనుషుల సాయంతో, లేదా వాలుబల్ల సాయంతో నిలబడడం.
4. నిలుచున్నచోటనే అడుగులు వేయడం, కుర్చీలోనికి మారడం.
5. చేతికర్ర చట్రం పట్టుకొని, ప్రాణవాయువు సిలిండరుతోగాని, చిన్న వెంటిలేటర్‌తోగాని నడవడం.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో వెంటిలేటర్‌పై ఉన్న 177 మంది కోవిడ్-19 రోగులను పరిశీలించి 2021లో ప్రచురించిన నివేదిక ప్రకారం, వారిని తొలిసారి మంచం అంచున కూర్చోబెట్టడం వంటి దశకు తేవడానికి సగటున 14 రోజులు పట్టింది. ఇతర వ్యాధులలో కొద్ది రోజులలో జరిగే పని ఇక్కడ రెండు వారాలకు గాని మొదలుకాలేదని దీనినిబట్టి గ్రహించవచ్చు.

భద్రతా నియమాలు

2014లో ఆస్ట్రేలియా పరిశోధకురాలు కారల్ హాడ్జ్‌సన్, ఇతర నిపుణులు వెంటిలేటర్‌పై ఉన్న రోగిని కదిలించడానికి రహదారి దీపాలవలె ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులతో ఒక పట్టికను రూపొందించారు. ఆకుపచ్చ అనగా కదిలించవచ్చు. పసుపు అనగా లాభనష్టాలు బృందంతో చర్చించి నిర్ణయించాలి. ఎరుపు అనగా ప్రమాదావకాశం ఎక్కువ. శ్వాసకు సంబంధించి ఈ క్రిందివి ఆకుపచ్చ పరిధిలోనివి:

• ఇచ్చే గాలిలో ప్రాణవాయువు 60 శాతం మించకుండా ఉండడం.
• రక్తంలో ప్రాణవాయువు సంతృప్తత 90 శాతం గాని, అంతకుమించి గాని ఉండడం.
• శ్వాసలు నిమిషానికి 30 మించకుండా ఉండడం.
• శ్వాస వదిలిన తరువాత నిలిపి ఉంచే పీడనం 10 సెంటీమీటర్ల నీటిమట్టాన్ని మించకుండా ఉండడం.

కోవిడ్-19 రోగి స్థిమితంగా కనిపిస్తున్నా, కొద్దిపాటి శ్రమతోనే ప్రాణవాయువు సంతృప్తత హఠాత్తుగా పడిపోవచ్చు. కొందరికి ఆయాసం తెలియకుండానే ఇది జరుగుతుంది. రక్తపుగడ్డలు ఏర్పడే అవకాశమూ ఈ వ్యాధిలో అధికం. అందువలన రోగి చెప్పే మాటపైనే ఆధారపడక, పల్స్ ఆక్సీమీటరును, గుండె వేగాన్ని, రక్తపోటును నిరంతరం గమనిస్తూ చికిత్స చేయాలి.

ఎప్పుడు, ఎంత?

త్వరగా కదిలించడం మంచిదని చెప్పే పరిశోధనలలో 2009లో షికాగో, అయోవా ఆసుపత్రులలో 104 మంది రోగులపై జరిగినది ముఖ్యమైనది. ప్రతిదినం మత్తును ఆపి, తొలి రోజులనుండే వ్యాయామం చేయించినవారిలో 59 శాతం మంది ఆసుపత్రి విడిచే నాటికి తమ పనులు తాము చేసుకోగలిగారు. సాధారణ చికిత్స పొందినవారిలో ఇది 35 శాతం. సన్నిపాతాన్ని పోలిన మతిభ్రమ ఉన్న రోజులు కూడా తగ్గాయి. షికాగోలోనే 200 మందిపై జరిపి 2023లో ప్రచురించిన మరొక పరిశోధనలో, త్వరగా కదిలించినవారిలో ఒక సంవత్సరం తరువాత జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి లోపాలు 24 శాతం మందిలోను, ఇతరులలో 43 శాతం మందిలోను కనిపించాయి.

దీనికి భిన్నమైన ఫలితం 2022లో వెలువడిన టీమ్ పరిశోధనలో వచ్చింది. ఆరు దేశాలలోని 750 మంది రోగులలో ఒక వర్గానికి రోజుకు సగటున 20.8 నిమిషాలు, రెండవ వర్గానికి 8.8 నిమిషాలు చురుకైన వ్యాయామం చేయించారు. 180 రోజులలో రోగి బ్రతికి, ఆసుపత్రి బయట గడిపిన దినాలలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అధిక వ్యాయామం పొందిన వర్గంలో అవాంఛనీయ సంఘటనలు 9.2 శాతం కాగా, రెండవ వర్గంలో 4.1 శాతం.

ఈ రెండింటికీ వైరుధ్యం ఉన్నట్లు తోచినా, టీమ్ పరిశోధనలో రెండవ వర్గం కూడా వ్యాయామం పొందిందన్న విషయాన్ని గమనించాలి. కదలకుండా ఉంచడం మేలని ఆ పరిశోధన చెప్పలేదు. మోతాదు పెంచినంత మాత్రాన లాభం పెరగదని మాత్రమే దానివలన తెలుస్తున్నది. మందుకు మోతాదు ఉన్నట్లే వ్యాయామానికీ మోతాదు ఉంటుందనీ, దానిని ఏ రోజుకారోజు రోగి స్థితినిబట్టి నిర్ణయించాలనీ నిపుణుల అభిప్రాయం.

వెంటిలేటర్ నుండి విడదీయడం

యంత్రం సాయాన్ని తగ్గిస్తూ రోగి స్వయంగా శ్వాసించేలా చేయడంలో ఫిజియోథెరపిస్టు పాత్ర ఉంటుంది. దగ్గు బలాన్ని పరీక్షించడం, కఫం తీయడం, గాలి లోపలికి పీల్చేటప్పుడు కొంత నిరోధం కల్పించి శ్వాస కండరాలకు శిక్షణనివ్వడం ఇందులో భాగాలు. ఎక్కువకాలం వెంటిలేటర్ అవసరమైనవారికి గొంతు ముందుభాగాన శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చుతారు. దీనిని ట్రకియాస్టమీ అంటారు. నోటిలో గొట్టం తొలగిపోవడం వలన మత్తు తగ్గించడానికీ, రోగిని కూర్చోబెట్టడానికీ వీలు కలుగుతుంది.

సిబ్బంది రక్షణ

దగ్గు పుట్టించే చికిత్సలు, సక్షన్, గొట్టం తొలగించడం మొదలైనవి తుంపరలను వెదజల్లే ప్రక్రియలు. వీటిని చేసేవారు ఎన్-95 మాస్కు, కళ్ళద్దాలు లేదా ముఖకవచం, నీరు చొరని గౌను, చేతి తొడుగులు ధరించాలి. సాధ్యమైతే బయటికంటె తక్కువ గాలిపీడనం గల గదిలో చికిత్స చేయాలి. గదిలోనికి వెళ్ళేవారి సంఖ్యను తగ్గించడానికి, నేరుగా చూడనవసరం లేని రోగులను ఫోను ద్వారా, రికార్డుల ద్వారా అంచనా వేయాలని మార్గదర్శకాలు సూచించాయి. ముఖం కనిపించని దుస్తులలో ఉన్న సిబ్బంది మాట రోగికి సరిగా వినబడదు. అందువలన చేతి సైగలు, వ్రాసిన పలకలు చికిత్సలో భాగమయ్యాయి.

భారతదేశంలో

2020లో తెలంగాణలో సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రిని, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నంలోని విమ్స్‌ను కోవిడ్-19 చికిత్సకు ప్రత్యేకించారు. హైదరాబాదులోని నిమ్స్, తిరుపతిలోని స్విమ్స్ సంస్థలలో ఫిజియోథెరపీ కోర్సులు ఉన్నాయి. ఫిజియోథెరపిస్టులతో సహా అనుబంధ ఆరోగ్య వృత్తులవారి విద్యను, నమోదును క్రమబద్ధం చేయడానికి భారత పార్లమెంటు 2021లో జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టాన్ని ఆమోదించింది.

విడుదల తరువాత

ఇంటెన్సివ్ కేర్ నుండి బయటపడినవారిలో మిగిలిపోయే శారీరక బలహీనత, మతిమరపు, ఆందోళన, దిగులు వంటి లక్షణాలను కలిపి ఇంటెన్సివ్ కేర్ అనంతర లక్షణ సముదాయం అంటారు. తీవ్ర శ్వాస వైఫల్యం నుండి కోలుకున్న 109 మందిని కెనడాలోని టొరంటో వైద్యులు ఐదేళ్ళు అనుసరించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఊపిరితిత్తుల పనితీరు దాదాపు సాధారణ స్థితికి వచ్చినా, ఆరు నిమిషాలలో వారు నడిచిన దూరం ఆ వయస్సువారు నడవగల దూరంలో 76 శాతం మాత్రమే ఉంది.

అందువలన ఇంటికి చేరిన తరువాత కూడా ఫిజియోథెరపీ కొనసాగవలసి ఉంటుంది. ఆరు నిమిషాల నడక పరీక్ష, ఒక నిమిషంలో కుర్చీలోనుండి ఎన్నిసార్లు లేవగలరో చూసే పరీక్ష ద్వారా ప్రగతిని కొలుస్తారు. కొందరిలో కొద్దిపాటి శ్రమ చేసిన మరుసటి రోజున గాని, ఆ తరువాత గాని నిస్సత్తువ, ఇతర లక్షణాలు ఎక్కువవుతాయి. వీరికి వ్యాయామాన్ని పట్టుదలగా పెంచుకుంటూ పోవడం హాని చేస్తుంది. పనికీ విశ్రాంతికీ మధ్య సమతూకం పాటించడం నేర్పాలి. ఆయాసం హెచ్చడం, రొమ్మునొప్పి, కాలి పిక్క వాపు, కళ్ళు తిరగడం వంటి లక్షణాలు కనిపిస్తే వ్యాయామం ఆపి వెంటనే వైద్యుని సంప్రదించాలి.